పుస్తకానికి ఐదు రూపాయలు: ఇచ్చి తప్పు చేశానా, ఆపి తప్పు చేశానా?

కొర్లగుంట_టీచరక్క | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. మూడో తరగతి నుంచి ఏడు దాకా పద్దెనిమిది మంది పిల్లలు. మా చిన్నాన్న రిటైరై ఊరికి వెళ్తూ ఒక బీరువా నిండా పిల్లల పుస్తకాలు నాకిచ్చి పోయారు. ట్యూషన్ అయ్యాక ఇష్టమున్నవాళ్లు ఒకటి తీసుకుని చాప మీద కూర్చుని చదువుకునేవాళ్లు. రోజూ చదివేవాళ్లు ఐదారుగురే. మిగతావాళ్లకూ అలవాటైతే బాగుంటుంది కదా అని జూన్‌లో ఒక నోటుబుక్కు పెట్టాను. పుస్తకం పూర్తి చేసి నాకు కథ చెప్తే ఐదు రూపాయలు.

మొదటి వారం చూడాలి! ట్యూషన్ అయినా ఒక్కరూ కదల్లేదు. నేను మా ఆయనతో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

రెండో వారానికి బీరువాలో సన్న పుస్తకాలన్నీ ఖాళీ. లావు పుస్తకాల జోలికి ఎవరూ పోవడం లేదు. ఒకడు అట్ట వెనక ఉన్న నాలుగు లైన్లు చదివేసి కథంతా చెప్పబోయాడు. ఇంకా విచిత్రం, మా వీధి చివర అక్కాతమ్ముళ్లు ఇద్దరున్నారు. అక్క చదివి తమ్ముడికి కథ చెప్తుంది, వాడొచ్చి నాకు అప్పజెప్తాడు, వచ్చిన ఐదులో రెండు అక్కకు. ఈ ఒప్పందం నాకు మూడు వారాల తర్వాత తెలిసింది.

జూలై ఆఖరికి లెక్క చూస్తే 640 రూపాయలు. సరే చాలని ఆపేశాను. ఆపిన మరునాటి నుంచి బీరువా తలుపు తీసినవాళ్లు లేరు. మొదట్నుంచీ ఊరికే చదివే ఆ ఐదారుగురు కూడా. వాళ్లలో ఒక పాప, అందరికంటే బాగా చదివేది, "ఇప్పుడు చదివితే ఏమిస్తారు టీచర్?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడేం చెయ్యమంటారు? మళ్లీ మొదలుపెట్టనా?

---

రేణిగుంట_రైలు | శనివారం, రాత్రి 10:05

ఐదు రూపాయలకు ఏమొస్తుందక్కా ఈ రోజుల్లో? పదివ్వండి, లావు పుస్తకానికి ఇరవై ఇవ్వండి. ఊరికే ఎవడూ ఏదీ చెయ్యడు. నేను రేపు డ్యూటీకి పోయేది నెలాఖరున జీతం పడుతుందనే.

---

పలమనేరు_పాలు | శనివారం, రాత్రి 10:31

అక్కా, మీ బీరువా కథ చదివి మా నాయన గుర్తొచ్చాడు. ఒకప్పుడు మా ఊళ్లో పాలు లీటర్ల లెక్కన పోసుకునేవాళ్లు. లీటరే లెక్కయితే మనోళ్లు ఏం చేస్తారో చెప్పాలా? బిందె బావి దగ్గర ఒక నిమిషం ఎక్కువ ఆగేది. తర్వాత వెన్న శాతం కొలిచే మిషన్ పెట్టారు. ఆ రోజు నుంచి బావి దగ్గర ఆగడం బందు, ఆవుకు పత్తిగింజల పిండి పెట్టడం మొదలు. ఆవు అదే, మనిషీ అదే. దేన్ని కొలుస్తారో అదే వస్తుంది. మీరు పుస్తకాలను లెక్కపెట్టారు, మీకు పుస్తకాల లెక్కే వచ్చింది.

---

కొర్లగుంట_టీచరక్క | శనివారం, రాత్రి 10:44

నవ్వలేక చచ్చాను తమ్ముడూ. అయితే పేజీల లెక్కన ఇమ్మంటావా?

---

పలమనేరు_పాలు | శనివారం, రాత్రి 10:50

ఇస్తే పేజీలు తిప్పుతారు. మీ చాప మీద ఫ్యాను అక్కర్లేదు.

---

సైకాలజీ_పీజీ | ఆదివారం, ఉదయం 7:15

నేను ఇక్కడే తిరుపతిలో సైకాలజీ పీజీ చేస్తున్నాను. మీకు జరిగినట్టే 1973లో ప్రయోగంగా చేసి చూశారు మేడమ్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర ఒక నర్సరీ బడి. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అంటే ముందే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు "బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకు ముందు ఏమీ చెప్పలేదు, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకు ఏమీ లేదు. తర్వాత ఒకటి రెండు వారాలకు పెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి ఎవరు ఎంతసేపు ఆడతారో పక్కనుంచి చూశారు. సర్టిఫికెట్ కోసమని ముందే మాట్లాడుకుని వేసినవాళ్లు, మిగతా రెండు గుంపుల్లో వాళ్లకంటే సుమారు సగం సమయమే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లలో ఏ తగ్గుదలా లేదు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన పని ఇది.

దానికి రెండేళ్ల ముందు, 1971లో, ఎడ్వర్డ్ డెసీ అనే ఆయన కాలేజీ విద్యార్థులకు చెక్కముక్కలు కలిపి ఆకారాలు చేసే పజిల్ ఇచ్చాడు. కొందరికి ఒక రోజు మాత్రం పజిల్‌కు ఒక డాలర్ చొప్పున ఇచ్చి, మర్నాడు ఆపేశాడు. మధ్యలో ఏదో పనున్నట్టు ఎనిమిది నిమిషాలు గదిలోంచి బయటకు వెళ్లేవాడు. ఆ ఎనిమిది నిమిషాలే అసలు పరీక్ష. గదిలో పత్రికలు కూడా ఉన్నాయి, ఎవరిష్టం వాళ్లది. ముందు రోజు డబ్బు అందుకున్నవాళ్లు, అది ఆగాక పజిల్ ముట్టుకునే సమయం తగ్గింది.

మీ పాప అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ ఎనిమిది నిమిషాల్లోదే. అంతకుముందు "నాకు ఇష్టం కాబట్టి చదువుతున్నా" అనుకునేది. మధ్యలో ఐదు రూపాయలొచ్చి, తను ఎందుకు చదువుతోందో తనకే వేరే కారణం చెప్పింది.

---

రేణిగుంట_రైలు | ఆదివారం, ఉదయం 7:52

నర్సరీ పిల్లల బొమ్మలు చూపించి పెద్దోళ్ల జీతాల మీద తీర్పులు చెప్పొద్దు సోదరా.

---

పుత్తూరు_పంతులు | ఆదివారం, ఉదయం 9:20

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరైనవాడిని. రేణిగుంట తమ్ముడి మాట పూర్తిగా తీసిపారేయకండి. అమెరికా దాకా పోనక్కర్లేదు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చి చూశారు. 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చేశారు. లాటరీ వేసినట్టు బడులను ఎంచుకున్నారు. పిల్లల సగటు మార్కులు ఐదు శాతానికి మించి పెరిగితే, పైన పెరిగిన ప్రతి శాతానికి 500 రూపాయలు. కొన్ని బడుల్లో ఎవరికి వారికి, కొన్నింటిలో బడి మొత్తానికి కలిపి.

రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందున్నారు. ఇంకో సంగతి, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. 2011లో అచ్చయింది. అంటే డబ్బు పనిచేసింది.

కానీ ఇంకాస్త లోపలికి వెళ్లి చూడండి. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. రాని అయ్యవారు బోనస్ పెట్టినా రాలేదు! వచ్చిన వాళ్లు ఎక్కువ పాఠం చెప్పారు, బడి అయ్యాక కూర్చోబెట్టారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు. నాకు దీంట్లో ఆశ్చర్యం లేదు. మా తరంలో బాగా చెప్పినా ఇంక్రిమెంటు అదే, చెప్పకపోయినా అదే. ఎవరైనా వచ్చి "నువ్వు చెప్పిన పాఠం వల్ల పిల్లలు ఇంత ఎదిగారు" అని కాగితం మీద చూపిస్తే, ఆ 500 కన్నా ఆ కాగితం ఎక్కువ పట్టుకుంటుంది మనిషిని. ఇది నా అభిప్రాయం, వాళ్లు అలా అనలేదు.

---

సైకాలజీ_పీజీ | ఆదివారం, ఉదయం 9:48

మాస్టారూ, మంచి ఉదాహరణ. మా రంగంలో కూడా ఈ తగువు తెగలేదు. బహుమతులతో ఇష్టం తగ్గుతుందన్నది అతిగా చెప్తున్నారని 1994లో కామెరాన్, పియర్స్ అనేవాళ్లు పాత ప్రయోగాలన్నీ కూడగట్టి వాదించారు. 1999లో డెసీ, కోస్ట్నర్, రయన్ 128 ప్రయోగాలు తిరగేసి, ముందే చెప్పి ఇచ్చే వస్తువులు, డబ్బు ఆసక్తికరమైన పనిలో ఇష్టాన్ని తగ్గిస్తాయని, మెచ్చుకోలు మాట పెంచుతుందని తేల్చారు. విసుగు పుట్టించే పనికి ఈ లెక్క వర్తించదు. లేని ఇష్టం ఎలా తగ్గుతుంది?

---

కాళాస్తి_కలం | ఆదివారం, మధ్యాహ్నం 1:10

మాది శ్రీకాళహస్తి, మూడు తరాల కలంకారీ ఇల్లు. ఈ చర్చ చదువుతుంటే ఒళ్లు మండింది, అందుకే రాస్తున్నా.

మీలో ఎంతమంది చూశారో తెలియదు. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతాం. చింతపుల్ల కాల్చి ఆ బొగ్గుతో గీత వేసుకుంటాం. తర్వాత వెదురు కలం. దాని మొనకు కొంచెం పైన దారం చుట్టి ఉంటుంది, రంగు అందులో ఉంటుంది. వేలితో ఎంత నొక్కితే గీత అంత. నల్లరంగు బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో రోజుల తరబడి ఊరేసి చేసుకుంటాం. ఒక దేవత కన్ను గీసేటప్పుడు మా అమ్మ ఊపిరి బిగబడుతుంది. గీత అయ్యాక వదులుతుంది. నలభై ఏళ్లుగా అంతే. ఆ కన్నుకు ఎవరూ వేరే డబ్బివ్వరు.

ఇప్పుడు రెండో వైపు. చీరకు ఇంత అని కూలి. పండగ సీజన్లో ఒక దుకాణం వాళ్లు వారంలో పన్నెండు కావాలన్నారు. చీర లెక్కన ఇచ్చినప్పుడు ఏమైంది? పలమనేరు అన్న చెప్పిందే. కళ్లు చుక్కలైపోయాయి, తీగలు దూరం దూరం అయ్యాయి. ఏరులో రెండుసార్లు ఉతకాల్సింది ఒకసారి. మా అమ్మ ఆ చీరలు చూసి "ఇవి నేను చేసినవని చెప్పొద్దే" అంది.

ఇక్కడి దాకా మీ పరిశోధనలు కరెక్టే. కానీ అదే దుకాణాయన కూలి పెంచమంటే ఏమంటాడో తెలుసా? "మీది కళ కదమ్మా, డబ్బు కోసం చేసేదా ఇది?" ఇష్టంతో చేస్తారు కాబట్టి తక్కువిచ్చినా చేస్తారు అని లెక్క. మా తమ్ముడు ఇష్టం లేక పోలేదు, శ్రీసిటీలో ఫ్యాక్టరీకి పోయింది బియ్యం కోసం. రాత్రి షిఫ్ట్ అయ్యి వచ్చి ఇప్పటికీ ఆదివారం కలం పట్టుకుంటాడు.

లోపలి ప్రేరణ అని ఎవరైనా నాకు చెప్తే, ముందు వాళ్ల జేబు ఎంత నిండుగా ఉందో చూస్తా.

---

రేణిగుంట_రైలు | ఆదివారం, మధ్యాహ్నం 1:22

దండం చెల్లెమ్మా. నేను రెండు లైన్లలో చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు.

---

నెలాఖరు_టెన్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

బ్యాంకు ఉద్యోగిని, చిత్తూరు. ఏ బ్యాంకో అడక్కండి. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో ఎవరెన్ని ఇన్సూరెన్సులు చేశారో పట్టిక వస్తుంది, అడుగున ఉన్నవాళ్ల పేర్లు ఎర్ర రంగులో. ఒక పెద్దాయన పాడి లోను కోసం వస్తే, ఆయనకు అక్కర్లేని పాలసీ అంటగట్టాను. ఆ నెల నా పేరు ఆకుపచ్చలో వచ్చింది. ఆయన మళ్లీ మా బ్రాంచికి రాలేదు. అమెరికాలో వెల్స్ ఫార్గో అనే పెద్ద బ్యాంకులో సిబ్బంది టార్గెట్ల కోసం ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారని 2016లో బయటపడితే, మా కొలీగ్స్ ఎవరూ నోరెళ్లబెట్టలేదు.

జీతం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఎర్ర రంగు గురించే.

---

బైరాగిపట్టెడ_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 5:40

అందరూ డబ్బు చుట్టూ తిరుగుతున్నారు. కొండ మీద శ్రీవారి సేవ చూడండి. 2000 నుంచి నడుస్తోంది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో సొంత ఖర్చులతో వచ్చి కూరగాయలు తరుగుతారు, క్యూలైన్లలో నీళ్లిస్తారు, అన్నప్రసాదం వడ్డిస్తారు. పైసా తీసుకోరు.

---

రేణిగుంట_రైలు | ఆదివారం, సాయంత్రం 5:46

సేవ చేసినవాళ్లకు దర్శనం ఉంటుంది కదా బాబాయ్. అది బోనస్ కాదా?

---

బైరాగిపట్టెడ_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 6:30

ఉంటుంది. నేను మూడుసార్లు చేశాను కాబట్టి దాచకుండా చెప్తా. మొదటిసారి దర్శనం కోసమే వెళ్లాను. కూరగాయలు తరిగే చోట వేశారు. సొరకాయలు కుప్పగా పోశారు, ఎదురెదురుగా కూర్చున్నాం. నా పక్కన ఒక రిటైర్డ్ ఇంజినీరు, అవతల పొలం పని చేసుకునే ఒకావిడ. ఆమె నా చేతిలో కత్తి చూసి, "అట్ల కాదు నాయనా" అని చెక్కు తీసే పద్ధతి మార్చింది. గంట తర్వాత నా కుప్ప ఆమె కుప్పతో సమానంగా వచ్చింది, ఆమె నవ్వింది. ఆ రోజు దర్శనం సంగతి గుర్తులేదు నాకు. రెండోసారి ఆ సొరకాయల కోసం వెళ్లాను అంటే నమ్ముతావా?

నడకదారి కూడా చూడు. అలిపిరి నుంచి నడిచి వచ్చేవాళ్లకు దివ్యదర్శనం టోకెన్లు ఇచ్చిన రోజుల్లో రద్దీ ఒక రకం. కరోనా తర్వాత టోకెన్లు లేనప్పుడు కూడా మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. వాళ్లకు టోకెన్ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

---

వేదిక_నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:00

టోకెన్లు, క్యూలు, లడ్డూల గురించి వచ్చిన పదకొండు వ్యాఖ్యలను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ విషయం పుస్తకాల బీరువా.

---

సైకాలజీ_పీజీ | ఆదివారం, రాత్రి 9:12

కాళాస్తి అక్కా, మీ మాట పట్టుకుని రోజంతా ఆలోచించాను. మీరు రాసిందాంట్లో సిద్ధాంతానికి వ్యతిరేకం ఏమీ లేదు, మేం క్లాసులో దాన్ని చెప్పే తీరులోనే లోపం ఉంది. డెసీ, రయన్ చెప్పేది మనిషికి మూడు కావాలని: తన పని మీద తనకు పట్టు, పని చేతనవుతోందన్న నమ్మకం, పక్కన మనుషులు. బాబాయ్ సొరకాయల కుప్పలో మూడూ ఉన్నాయి. మీ వారానికి పన్నెండు చీరల్లో మూడూ లేవు. జీతం సరిపోకపోతే ఈ మాటలన్నీ గాలికే, అది ఒప్పుకుంటాను.

టీచరక్కకు ఒక హెచ్చరిక. మళ్లీ చదివించడానికి జరిమానా పెట్టకండి. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో 10 శిశు సంరక్షణ కేంద్రాల్లో 20 వారాలు చూశారు. ఆరు కేంద్రాల్లో, పిల్లల్ని పది నిమిషాలకు మించి ఆలస్యంగా తీసుకెళ్తే 10 షెకెల్‌ల జరిమానా అన్నారు. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "పాపం ఆయమ్మ మన కోసం కూర్చుంది" అనే మొహమాటం ఉండేది. ధర కట్టాక, డబ్బిస్తున్నాం కదా అనుకున్నారు. జరిమానా తీసేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ 2000లో రాశారు దీన్ని.

---

కొర్లగుంట_టీచరక్క | ఆదివారం, రాత్రి 9:30

అయ్యో, తిరిగి రాలేదా? అయితే నా పిల్లలూ అంతేనా?

---

పుత్తూరు_పంతులు | సోమవారం, ఉదయం 6:10

కంగారు పడకమ్మా. పిల్లలు గుమాస్తాలు కాదు, త్వరగా మరిచిపోతారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల పల్లె బడులు చూడ్డానికి ఒకసారి వెళ్లాను. అక్కడ గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. ప్రతి పిల్లా తనెక్కడున్నదో తనే చూసుకుని, తన మెట్టుకు సరిపోయే కార్డు తీసుకుని కూర్చుంటుంది. పక్కవాడు ఏ మెట్టు మీదున్నాడన్న గొడవ లేదు. అయ్యవారు తిరుగుతూ, ఎక్కడ ఆగితే అక్కడ కూర్చుంటాడు. నేను చూసిన గంటలో "అయిపోయింది, ఏమిస్తారు?" అన్న పిల్ల లేదు. "అయిపోయింది, ఇప్పుడేది?" అనేవాళ్లు.

నోటుబుక్కు తీసేయి. ఒక నెల ఏమీ అడక్కు. నువ్వు చదువు, వాళ్ల ముందు, గట్టిగా. మంచి పట్టులో ఉండగా ఆపేయి.

---

కొర్లగుంట_టీచరక్క | ఇరవై మూడు రోజుల తర్వాత, రాత్రి 9:15

ఏమైందో చెప్పమని ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకే రాస్తున్నా.

మాస్టారు చెప్పినట్టే చేశాను. నోటుబుక్కు చించలేదు, అటక మీద పడేశాను. రోజూ ఆఖరి పావుగంట లావు పుస్తకం ఒకటి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మొదటి వారం సగం మంది సంచులు సర్దుకుని పోయారు. పోనిచ్చాను. రెండో వారం ఒక దొంగ బావిలోకి దిగే చోట ఆపేసి, "రేపు" అన్నాను. ఆ అక్కాతమ్ముళ్లలో తమ్ముడు, అదే రెండు రూపాయల కమీషన్ వాడు, మర్నాడు నాకంటే ముందొచ్చి బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు. దొంగ ఏమయ్యాడో ముందే చూసుకుందామని.

వారానికొకసారి, చదివినవాళ్లు కావాలంటే పక్కనోడికి ఆ పుస్తకం బాగుందో బాగోలేదో చెప్పొచ్చన్నాను. "ఇది చదవొద్దు, సోది" అని ఒకడు చీటీ రాసి అట్టకు అంటించాడు. దాంతో ఆ పుస్తకానికి నలుగురు ఎగబడ్డారు.

అందరూ చదవడం లేదు. పద్దెనిమిది మందిలో ఎనిమిది మంది, తొమ్మిది మంది. కాళాస్తి అమ్మాయి మాట కూడా మనసులో పెట్టుకున్నాను. ఇద్దరు పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ నాకు పని తగ్గిస్తున్నారు, వాళ్లకు ఈ నెల నుంచి ట్యూషన్ ఫీజు సగమే. అది ఇష్టం ఖాతాలో వెయ్యను, పని పనే.

ఆ పాప మాత్రం ఇంకా పుస్తకం ముట్టుకోలేదు. చాప మీద కూర్చుని వింటుంది. నిన్న నేను ఒక పదం తప్పు చదివితే సరిచేసింది. పుస్తకం నా చేతిలోనే ఉంది, తనకెలా తెలుసో నేను అడగలేదు.

---

కాళాస్తి_కలం | అదే రోజు, రాత్రి 9:41

అడక్కండి అక్కా.

మా ఇంట్లో రెండు అట్టపెట్టెల పిల్లల పుస్తకాలున్నాయి, తమ్ముడివి. ఆదివారం వాడు తిరుపతి వస్తున్నాడు. కొర్లగుంటలో ఎక్కడికి రావాలో మెసేజ్ పెట్టండి.

---

పలమనేరు_పాలు | అదే రోజు, రాత్రి 9:50

సన్నవా, లావువా?